సూరమ్మ మీద మోపిన తప్పు

రాయపూరు,
18 జూన్ 1954

నాగపూరు వైద్యశాఖలో నర్సుల పైచదువులు చూచు అధికారి శ్రీ రామమూర్తి గారి సముఖమునకు

అయ్యా,

విషయం: ఢిల్లీలో సిస్టర్ ట్యూటర్ చదువుకు నా ఎంపికను నిలిపి, ప్రొబేషనర్ సూరమ్మ మీద మోపిన తప్పును తిరిగి విచారించవలసినదని మనవి.

తమరు తెలుగువారని విని తెలుగులో రాయుచున్నాను. ఇంగ్లీషులో గాని హిందీలో గాని రాసినచో మా ఆఫీసు గుమాస్తాల కంటబడునని భయము. ఆసుపత్రి పేరు, డాక్టరు గారి పేరు వేరే చీటీ మీద రాసి లోపల పెట్టితిని.

1. నేను రైల్వే గ్యాంగుమన్ బంగారయ్య కుమార్తెను. మంత్రసాని శిక్షణతో మొదలుపెట్టి, ప్రైవేటుగా మెట్రిక్ ప్యాసై, మూడేళ్ళు జనరల్ నర్సింగ్ చదివి స్టాఫ్ నర్సునైతిని. ఢిల్లీ చదువు పూర్తి చేసినచో నర్సింగు పిల్లలకు పాఠము చెప్పు అర్హత వచ్చును.

2. గత నెల ఆరంగ్ ఊరి నుండి ఫుల్‌బాయి అను స్త్రీ బండి మీద నుండి పడి, తొడ ఎముక విరిగి మా వార్డుకు వచ్చెను. నొప్పి తగ్గుటకు డాక్టరు గారు ఆమె మంచమునకు తగిలించు టికెట్టు చీటీ మీద మార్ఫియా రాసిరి. పావు గ్రెయిను రాయవలసిన చోట ఒక గ్రెయిను అని, అనగా నాలుగింతలు, రాసిరి. మందుల బీరువా తాళము నా వద్దనే ఉండవలెను. మోతాదు నేనే చూడవలెను. ఆ వేళ నేను నా ఢిల్లీ దరఖాస్తు పట్టుకొని ఆఫీసు గుమ్మములో నిలబడి ఉంటిని. తాళము సూరమ్మ చేతికిచ్చి, టికెట్టు మీద ఎంతుంటే అంత ఇచ్చెయ్యమంటిని. ఆమె నర్సింగులో మొదటి సంవత్సరము చదువు పిల్ల. అంతా ఇచ్చెను.

నేను తిరిగి వచ్చుసరికి ఫుల్‌బాయి నిమిషానికి నాలుగు సార్లే ఊపిరి తీయుచుండెను. మంచము పక్కన ఆమె భర్త, "సుతత్ హవయ్ కా, బాయీ?" అని, నిద్రపోతున్నదా అని అడిగెను. అవునంటిని. సాయంకాలము వరకు చేతులతో ఊపిరి ఆడించితిమి. దక్కలేదు. అతనికి నేటికీ నిజము తెలియదు.

3. డాక్టరు గారు ఆ టికెట్టు చింపి, పావు గ్రెయినని కొత్తది రాసిరి. సూరమ్మ తనంతట తానే మందు ఎక్కువ ఇచ్చినదని ఒక కాగితము నా ముందు పెట్టి, "నీ దరఖాస్తు నా చేతి మీదుగానే పోవాలి. ఆలోచించుకో" అని హిందీలో అనిరి. సూరమ్మ నా కొంగు పట్టుకొని, "అక్కా, ఒకటనే రాసున్నాది కాదేటి? నువ్వూ సూసినావు గదా, సెప్పే!" అని ఏడ్చెను. నేను సంతకము చేసితిని.

భయపడి చేసితినని రాయబోయాను. అది సగమే నిజం. నాకు ఢిల్లీ కావలసి వచ్చింది.

ఎంపిక కాగితం వచ్చిన రోజు మా నాన్న, "మా గుంట టీచరమ్మవుతాది" అంటూ కాలనీ అంతా మిఠాయి పంచాడు. నేను నోట పెట్టలేకపోయాను.

4. ఈ నెల 28న విచారణ. అందులో సూరమ్మ పేరు కొట్టివేసినచో ఆమె మరెక్కడా నర్సింగు చదువజాలదు. నిజము చెప్పినచో నా ఉద్యోగము పోవును. జైలు కూడ ఉండునేమో తెలియదు. ఎవరిని అడగాలండీ? డాక్టరు గారి బూట్ల చప్పుడు వింటే చేతిలో థర్మామీటరు నిలవడం లేదు. నిన్న ఒకటి పగిలింది.

కావున నా సంతకమును వెనుకకు తీసుకొనుచున్నాను. సూరమ్మను తిరిగి చేర్చుకొనుటకును, నర్సుల దరఖాస్తులు ఒక్క డాక్టరు గారి చేతి మీదుగానే రావలెనను నిబంధన తీసివేయుటకును తమరు దయతో ఆజ్ఞాపించి, ఈ భయస్తురాలి మనవి చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
దాలమ్మ, స్టాఫ్ నర్సు

జతపరచినది: చెత్తబుట్టలోంచి తీసి దాచిన పాత టికెట్టు ముక్కలు, మూడు.

తా.క. పోస్టు చెయ్యబోయే ముందు ఊళ్ళోని పండరీ పేటలో సూరమ్మ ఇంటికి వెళ్ళి ఇదంతా చదివి వినిపించాను. ఆమె అంతా విని, "ఒకటని సూసి నాకూ అనుమానమేసింది. నువ్వు నీ కాయితాల్లో ఉన్నావని అడగడానికి బయమేసింది. అదీ రాయక్కా, దాసకు" అంది. రాశాను. ఇప్పుడు ఇద్దరం కలిసి పోస్టాఫీసుకు వెళుతున్నాం.