షోనా, జోంఖా, మా బావగారు

ఫిబ్రవరి 2

బావగారు మళ్ళీ దిగారు. రేపల్లె నుంచి తెనాలి దాకా ప్యాసింజర్లో నిలబడే వచ్చారట, చంకలో కాగితాల కట్ట. అక్క మొగుడు కాబట్టి కాఫీ ఇచ్చాను. లేకపోతే గేటు దగ్గరే…

కరెంటాఫీసులో మీటర్లు చూసి రిటైరైన మనిషి. ఇప్పుడు భాషా పరిశోధకుడు! కనిపెట్టింది ఏంటంటే — జింబాబ్వేలో మాట్లాడే షోనా, భూటాన్‌లో మాట్లాడే జోంఖా, రెండూ తెలుగులోంచే పుట్టాయట. పుస్తకం వేస్తున్నారు. ముందుమాట నేను రాయాలి.

"కాలేజీలో లింగ్విస్టిక్స్ చెప్పినదానివి గదమ్మా. నువ్వు రాస్తే దానికో విలువ."

ఆ విలువ పోతుందనే రాయను.

ఫిబ్రవరి 4

కట్ట చదివాను. సగం. అంతకన్నా మింగుడు పడలేదు.

షోనాలో తండ్రి 'బాబా', మనకి 'బాబు'. జోంఖాలో తండ్రి 'అపా', మనకి 'అప్ప'. షోనాలో అమ్మమ్మ 'అంబుయా' — అందులో మన అమ్మ దాక్కుందట! పెదాలున్న ప్రతి పసివాడూ బా, పా, మా అంటాడు, ఏ దేశంలోనైనా. ఈ లెక్కన 'అంబా' అనే దూడలన్నీ తెలుగువే.

అసలైన పోలిక ఒక్కటీ కంటపడలేదు మహానుభావుడికి. షోనాలో మాటలు అచ్చుతో ముగుస్తాయి, మనలాగే. పెద్దవాళ్ళని బహువచనంతో గౌరవిస్తారు, మన 'మీరు' లాగే. కానీ మున్హు అంటే మనిషి, వన్హు అంటే మనుషులు — మనకి మాట తోక మారుతుంది, వాళ్ళకి తల మారుతుంది. జోంఖాలో క్రియ వాక్యం చివర్న కూర్చుంటుంది, మనలాగే. కానీ రాసేదొకటి, పలికేదొకటి. రాసిన అక్షరాల్లో బోలెడన్ని నోరే తెరవవు. ఆ రెంటికీ చుట్టరికం లేదు. మనతో అసలే లేదు. పోలిక వేరు, పుట్టుక వేరు. ఇది అర్థం కాని పిల్లల్ని కూడా పాస్ చేశాను. ఈయన్ని చెయ్యను.

ఫిబ్రవరి 5

రాయనని చెప్పేశాను. "పోనీ, పుస్తకావిష్కరణ సభకి వచ్చి రెండు మాటలు మాట్లాడు." సిగ్గు లేదు.

ఫిబ్రవరి 7

అక్క ఫోను. "నాలుగు ముక్కలు రాస్తే నీ సొమ్మేం పోయిందే?"

"నా పేరు పోతుంది."

"రిటైరయ్యాక ఎలా ఉండేవారో నీకేం తెలుసు? గోడవైపు తిరిగి పడుకుంటే అన్నానిక్కూడా లేచేవారు కాదు. ఇప్పుడు తెల్లారేసరికి స్నానం చేసి కూర్చుంటున్నారు…"

స్నానం చేసినంత మాత్రాన సిద్ధాంతం నిజమవుతుందా? అడగలేదు. ఫోను పెట్టేశాను.

ఫిబ్రవరి 9

బాపట్ల. బావగారు రైల్లో పట్టుకుని ఈ మాటలన్నీ రాబట్టిన ఇద్దరు విదేశీ పిల్లల్నీ చూద్దామని. తరీరోది జింబాబ్వే, సోనమ్‌ది భూటాన్. వ్యవసాయం చదువుతున్నారు. హాస్టల్ ముందు సిమెంటు బల్ల మీద ఈయన ముందే హాజరు! పక్కన పులిహోర క్యారేజీ. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని — "మళ్ళీ అనమ్మా."

సోనమ్ ఓపిగ్గా చెబుతోంది. "కుజుజాంపో లా. నమస్కారం. చివర్న ఆ 'లా' మర్యాదకండి. మీ 'అండి' లాంటిదేనండి."

ఎంత చక్కటి పోలిక! చేతిలో పెట్టింది. ఈయన ఎగిరి గంతేశారు. "'లే' నుంచి వచ్చిందమ్మా అది! సరేలే, పోనీలే!"

'పోనీలే'లో మర్యాద చూసిన మొదటి మనిషి. తరీరోకి నవ్వు ఆపుకోలేక పులిహోర గొంతులో అడ్డం పడింది. ఆయన కంగారుగా నీళ్ళ సీసా మూత తీసిచ్చారు.

ఫిబ్రవరి 14

ఆహ్వానం వచ్చింది. నా పేరు పక్కన 'ప్రఖ్యాత భాషావేత్త'. నన్నడిగారా?

ఫిబ్రవరి 16

రేపల్లె, కల్యాణ మండపం. భోజనాలున్నాయని తెలిసి జనం. ఎవరో మాజీ ఛైర్మన్ దీపం వెలిగించి, జోంఖాని రెండుసార్లు 'జోకా' అన్నాడు. బావగారు కొత్త పంచెలో, పెళ్ళికొడుకులా. పిల్లలిద్దర్నీ స్టేజీ మీద నిలబెట్టి 'బాబా' అనిపించారు, 'అపా' అనిపించారు. చప్పట్లు. ముందు వరసలో అక్క.

తర్వాత మైకు నాకిచ్చారు.

అంతా చెప్పాను. దూడల సంగతి కూడా. "దీన్ని పరిశోధన అనరండి. కాలక్షేపం అంటారు" అన్నాను. హాలంతా పగలబడి నవ్వింది. నాకు బాగుంది — ఎందుకు అబద్ధం రాయాలి — చాలా బాగుంది.

బావగారు కూడా నవ్వారు. అందరికన్నా ఆలస్యంగా. తర్వాత శాలువా తెచ్చి నాకు కప్పారు.

ఫిబ్రవరి 17

చెప్పినదాంట్లో ఒక్క తప్పు లేదు.

ఫిబ్రవరి 19

అక్క ఫోను ఎత్తడం లేదు. ఎత్తకపోతే పోయె.

ఫిబ్రవరి 23

తరీరో ఫోను. "అంకుల్ ప్రతి ఆదివారం వచ్చేవారు, ఇవాళ రాలేదండి. ఒంట్లో బాగాలేదా?"

ఏమో అన్నాను. తర్వాత, ఊరుకోకుండా — "ఆయన చెప్పేవన్నీ తప్పులని మీకు తెలుసుగా. మరెందుకు చెప్పలేదు?"

"తెలుసండి. సోనమ్‌కీ తెలుసు" అంది. "ఇక్కడ అందరూ ఆఫ్రికా భాషలో ఏదైనా అనమని నవ్వుతారు మేడమ్. ఆయన రాసుకునేవారు."

రాసుకున్నంత మాత్రాన…

ఫిబ్రవరి 27

రాత్రి కట్ట మళ్ళీ తీశాను. వదిలేసిన సగం. అన్నీ తప్పులే, అందమైన దస్తూరీలో. ఒక పేజీ అంచున — 'సోనమ్‌కి జ్వరం. ఈ మాట తర్వాత అడగాలి.'

మూసేశాను.

మార్చి 2

రేపల్లె. అక్క తలుపు తీసింది. పక్కకి జరిగింది. పుస్తకాల కట్టలు వరండాలో, తాళ్ళు కూడా విప్పలేదు.

"తిన్నారా?" అంటే తల అడ్డంగా ఊపింది.

గదిలో ఆయన, గోడవైపు తిరిగి. గడ్డం మాసింది.

క్షమాపణ చెప్పడానికి రాలేదు నేను. గుమ్మంలో నిలబడి అడిగాను. "బావగారూ, షోనాలో నీళ్ళకీ వానకీ ఒకటే మాటటగా. ఏంటండీ అది?"

నాకు తెలుసు. మ్వురా. ఆయనకీ తెలుసు — మన 'మురుగు'తో దానికి చుట్టరికం కలిపి ఒక పేజీ నింపారు. శుద్ధ తప్పు. నోరు తెరిస్తే చాలు, మురుగుతోనే కలుపుకోనీ.

భుజం కొంచెం కదిలింది. ఇటు తిరగలేదు.

కుర్చీ లాక్కుని కూర్చున్నాను.