స్వరూపక్క కంప్యూటర్‌లో చిప్

బుధవారం, రాత్రి

స్వరూపక్కకు ఇవాళ నేను పనిచేసే కంప్యూటర్ రిపేర్ షాపులో పచ్చి అబద్ధం చెప్పారు. కాశిబుగ్గలో మగ్గాలకు డిజైన్లు గీసే ఆమె కంప్యూటర్‌లో సెక్యూరిటీ చిప్ లేదట, అందుకే కొత్త విండోస్ ఎక్కదట. చిప్ ఉంది. పొద్దున సెట్టింగ్స్‌లోకి వెళ్లి నేనే ఆన్ చేశాను. సాయంత్రానికి ఆఫ్ అయింది. ఆ సెట్టింగ్స్‌కు షాపులో పెట్టిన పాస్‌వర్డ్ నాకూ, ఓనర్ శ్రీనన్నకూ తప్ప ఎవరికీ తెలియదు.

"చిప్పే లేదక్కా, ఇగ కొత్తది కొనుడే," అన్నాడు శ్రీనన్న.

"జర మల్ల చూడు తమ్మీ. మగ్గం అమ్ముకొని కొనాల్నా?"

నేను నోరు తెరవగానే, "నువ్వు చాయ్ తీస్కరాపో," అని బయటికి తరిమాడు. ఎందుకు తరిమినట్టు? ఇంతకుముందు ఎంతమందికి ఇలాగే ఆఫ్ చేశాడో...

శ్రీనన్నా, రేపు అక్క వచ్చేలోపు ఆ చిప్ ఎవరు ఆపారో నాకు చెప్పాలి. చెప్పకపోతే ఆమె కళ్లముందే ఆన్ చేస్తా.