పెట్టెలో దూది ఎక్కడిది

బావా,

పరకాల బస్సుకు టైమైంది. పెద్దమ్మను చూసి సాయంత్రానికి వస్తాను. పప్పు గిన్నె పొయ్యి పక్కనే ఉంది. నువ్వు చేసిన స్పీకర్ పెట్టె ప్లగ్గు పీకేశాను. లోపల చూసుకోకుండా మళ్లీ పెట్టకు.

మొన్నటిదాకా ఆ పెట్టెను వేలితో కొడితే ఖాళీ నీళ్ల గోలెంలా మోగేది. పాట పెడితే గుంయ్‌మనేది. నిన్నటి నుంచి సాఫుగా పాడుతోంది. ఏం చేశావంటే, "ఏం లేదు, స్క్రూలు జర బిగిచ్చిన, అంతే" అన్నావు. స్క్రూలు బిగిస్తే మోత పోతుందా? పొద్దున కొట్టి చూస్తే మెత్తగా దబ్బుమంది. నీ స్క్రూడ్రైవర్‌కు బూరుగు దూది అంటుకుని ఉంది. పక్కల దొంతరలో ఒక దిండు సగానికి పలచబడింది. తెల్ల దిండుకు నల్లదారంతో కుట్టు వేస్తే కనబడదనుకున్నావా?

దిండు పోతే పోయింది. ఆంప్లిఫయర్ కూడా ఆ పెట్టెలోనే బిగించావు. దాని వెనక రేకు ముట్టుకుంటే చుర్రుమంటుంది. దూది అక్కడిదాకా కూరలేదని నువ్వు ఒట్టేసినా నేను నమ్మను. పెట్టె విప్పి, దూదిని దూరం జరుపు. ఇల్లు అంటుకుంటే పాట ఎవరు వినాలి?

పాట మాత్రం బాగుంది.

కౌసల్య

ఇంకోమాట. నాదనుకుని కోశావేమో, ఆ దిండు అత్తమ్మది. మెడనొప్పికని తనే కుట్టించుకుంది. మధ్యాహ్నం తొర్రూరు నుంచి దిగుతుంది. నా దిండు బీరువాలో పెట్టి తాళం వేశాను. చెవి నాతోనే తీసుకుపోతున్నాను.