ముందు గుమ్మం దగ్గర జ్యూసు బల్లలు

సికువానీ,
ఆదివారం

ఎలియుతేరియోకు,

ఇక్కడ నేనూ, మన నాయ్దా కులాసాగా ఉన్నాం. గని చలిలో నువ్వూ బాగానే ఉన్నావని తలుస్తున్నాను. నా నడుంనొప్పి తగ్గింది. నాయ్దాకు ముందు పన్ను ఊడింది. ఇప్పుడు నవ్విందంటే అచ్చం మీ అమ్మే. నువ్వు పంపిన ఉన్నిటోపీ దాని కళ్ళమీదకు జారుతోంది. పెరిగే పిల్లేగా, సరిపోతుందిలే.

"బజార్లో ఇంకా తల వంచుకునే జ్యూసు పోస్తున్నావా?" అని ఎగతాళి చేశావు. మొదట్లో అంతే. నా స్పానిష్‌కు ఎవరు నవ్వుతారోనని నోరే విప్పేదాన్ని కాదు. బస్సు డ్రైవర్ అబుందియో రోజూ పొద్దున్నే వచ్చి, "ఏం వదినా, ఇది బొప్పాయా, ఏటి నీళ్ళా?" అనేవాడు. ఒకరోజు ఉండబట్టలేక, "ఏటి నీళ్ళయితే మీసానికి నురగెందుకు అంటింది? తుడుచుకో!" అన్నాను. ఒక మాట తప్పే పలికాను. అయినా వరసంతా వాణ్ణి చూసే నవ్వింది. వాడూ నవ్వి, కొసరు పొయ్యమని గ్లాసు చాపాడు. ఆ రోజు నుంచి నాకు మాట అలవాటయింది.

పోయిన నెల బజారు సంఘం కార్యదర్శిగా మీ అన్నయ్య ఒక నిర్ణయం చేశారు. ముందు గుమ్మం దగ్గరి చోటు ఫోన్ల దుకాణానికి ఇచ్చి, మా జ్యూసు బల్లల్ని వెనక మాంసం కొట్ల పక్కకు తోసేస్తారట. ఆ ఈగల్లో జ్యూసు ఎవరు తాగుతారు? ఆడవాళ్ళంతా లోలోపల గొణుక్కున్నారే గాని ఎవరూ పైకి అనలేదు. పక్కబల్ల కసిల్డా నా మోచేతిని పొడిచి, "డ్రైవర్ మీద లేచే నోరు బావగారి ముందు పడిపోయిందా?" అంది.

సంఘం సభలో లేచాను. మన ఇంటి భాష కెచువాలోనే మొదలుపెట్టాను.

"అమ్మాయ్, స్పానిష్‌లో చెప్పు. అందరికీ తెలియాలి," అన్నారు బావగారు.

చెప్పాను. తప్పులు దొర్లాయి. వెనక బల్లల వాళ్ళు పగలబడి నవ్వారు. అయినా కూర్చోలేదు.

"నవ్వండి. మీ నవ్వు అయ్యాక చెబుతాను," అని అలాగే నిలబడ్డాను.

కాసేపటికి సభ సద్దుమణిగింది. అప్పుడు మొత్తం చెప్పాను. చోటు మార్పు కొత్త ఎన్నిక దాకా ఆపాలని సభ తేల్చింది.

ఇక అసలు సంగతి. ఇంతసేపూ దీన్ని దాటేస్తూనే వచ్చాను. ఆ ఎన్నికలో కార్యదర్శి పదవికి మీ అన్నయ్య మీద నేను నిలబడుతున్నాను.

పెళ్ళయిన కొత్తలో మనకు నీడ లేనప్పుడు తన పెరటి గదులిచ్చింది ఆయనే. ఆ మంచి మరిచిపోలేదు. అందుకే పేరు ఇచ్చేముందు ఆయన ఇంటికే వెళ్ళి ఎదురుగా చెప్పాను. ఆయన తింటున్న రొట్టె పక్కన పెట్టేశారు.

"నీ మొగుడికి తెలుసా?"

"ఇంకా తెలియదు, బావగారూ. రాస్తాను."

"వాడు వద్దంటే?"

"అడగడానికి రాయడం లేదు. చెప్పడానికి రాస్తున్నాను."

ఆయన లేచి చెయ్యి కడుక్కున్నారు. చివరికి, "గదులు ఖాళీ చెయ్యాల్సి వస్తుంది," అన్నారు. సరేనన్నాను. నిన్న సామాను కసిల్డా ఇంటికి చేర్చాం. ఆమె మేడగది ఇరుకే గాని ఎండ బాగా పడుతుంది. నాయ్దా అప్పుడే కిటికీ పక్క చోటు తనదంటోంది.

గెలుస్తానో లేదో తెలియదు. ఓడితే మళ్ళీ మాట్లాడతాను. నీకు కోపం వస్తుందని తెలుసు. కోపంగానే రాయి, అన్నీ చదువుతాను. కవరు మీద మాత్రం కసిల్డా ఇంటి చిరునామా వెయ్యి.

ఇట్లు,
నీ భార్య
హెర్మెలిందా