మాంగోస్టీన్ చెట్టు, ఆకుపచ్చ దారం

జూన్ 6

నోటి దురద. అంతే. గార్డెన్ క్లబ్ మీటింగ్‌లో గులాబీల ఆయన తన పూల ఫోటోలన్నీ చూపించి, ఏమండీ, మీ మాంగోస్టీన్ ఇంకా ఆకులతోనే సరిపెడుతోందా అని నవ్వాడు. ఒళ్లు మండింది. ఈసారి కాసిందండీ అనేశాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆదివారం వచ్చి చూస్తారట.

ఎనిమిదేళ్ల చెట్టు. ఇంతవరకు మొగ్గ కూడా తొడగలేదు.

జూన్ 8

నిజానికి ఆ చెట్టు మా దగ్గరే ఉంటున్న అత్తయ్యది. గింజ నాటింది నేనే గాని, బతికించింది ఆవిడ. చిన్న మొక్కగా ఉన్నప్పుడు ఎండకి ఆకులు మాడిపోతుంటే, కర్రకి పాత గొడుగు కట్టి రెండు వేసవులు నీడ పట్టారు. పెళ్లయిన కొత్తలో మామయ్యతో ఎక్కడికో వెళ్లి, ఊదారంగు తొక్కలో తెల్లటి తియ్యని తొనలుండే ఆ పండు తిన్నారట. మన చెట్టుది ఒక్కటి తింటే చాలు బాబూ అంటుంటారు.

క్లబ్ సెక్రటరీకి నిజం చెప్పేద్దామని ఫోన్ తీశాను. మళ్లీ జేబులో పెట్టేశాను.

జూన్ 10, శనివారం సాయంత్రం

సూపర్‌మార్కెట్లో కాడలున్న పళ్లు మూడు ఏరుకొచ్చాను. అత్తయ్య టీవీ చూస్తుంటే, ఆవిడ కుట్టు డబ్బాలోంచి ఆకుపచ్చ దారం తీసి కొమ్మలకి కట్టాను. హడావిడిలో ముడులు సరిగ్గా పడలేదు. ఆవిడకి చత్వారం. కళ్లద్దాలు లేకపోతే దారం కనబడదు. పళ్లు చూసి సంతోషిస్తారులే అని కూడా అనుకున్నాను. సిగ్గులేని వెధవని.

జూన్ 11, ఆదివారం

వచ్చారు. నేను బిక్కచచ్చిపోయి నిలబడితే, గొడుగు సంగతంతా అత్తయ్యే చెప్పారు. ఒకావిడ పండు పట్టుకోబోతే గబుక్కున చెయ్యి అడ్డం పెట్టి, తొలికాపమ్మా, ముట్టుకోకండి అన్నారు. షాపులో వాటిలాగే నిగనిగలాడుతున్నాయే అన్నాడు గులాబీల ఆయన. మందులు కొట్టమండీ అన్నాను. ఆ మాట నా నోటికి ఎలా వచ్చిందో.

అదే రోజు, వాళ్లు వెళ్లాక

ఒక పండు కోసుకెళ్లి అత్తయ్యకి ఇవ్వబోయాను. వద్దు బాబూ, ఆకలిగా లేదు అన్నారు. ఎనిమిదేళ్లు ఎదురుచూసిన మనిషి.

మిగతా రెండూ తెంపడానికి వెళ్లాను. ఒకటి ఇలా లాగితే అలా ఊడొచ్చింది. రెండోది రాలేదు. దారం మూడు చుట్లు తిప్పి, కొస కనబడకుండా లోపలికి దోపి ఉంది. నా చొక్కాలకి గుండీలు కుట్టినప్పుడు అత్తయ్య వేసే ముడి అది.

నేను కట్టింది తెల్లారేసరికి రాలిపోయి ఉంటుంది. పొద్దున్నే నీళ్లు పొయ్యడానికొచ్చి చూసి ఉంటారు. లోపలికెళ్లి కళ్లద్దాలు పెట్టుకుని వచ్చి మళ్లీ కట్టి ఉంటారు. అల్లుడి పరువు నలుగురిలో పోకూడదని.

చెట్టు కిందే కూలబడ్డాను. తల ఎత్తి ఇంటివైపు చూడలేకపోయాను.

జూన్ 12

చెప్పలేదు.

జూన్ 14

ఆఫీసు పని మీద క్యాంపుకి వెళ్లిన మా ఆవిడ ఇవాళ వచ్చింది. క్లబ్ వాట్సాప్ గ్రూప్‌లో ఫోటోలు చూసిందట. నాకొక్కటైనా ఉంచలేదేంటని దెబ్బలాడింది. ఇప్పుడైనా చెప్పేద్దామని నోరు తెరిచాను. ఈలోగా అత్తయ్య అందుకుని, నేనే ఆగలేక అన్నీ తినేశానే, ఎంత బాగున్నాయో అన్నారు.

ఆ పెద్దావిడ చేత కూడా అబద్ధం ఆడించాను.

జులై 3

అత్తయ్య రోజూలాగే చెట్టుకి నీళ్లు పోస్తున్నారు. ఎప్పుడు కాస్తుందని మాత్రం అడగడం మానేశారు. గుండీ ఊడితే నేనే కుట్టుకుంటున్నాను.

మరుసటి ఏడాది, మే 2

ఆకుల చాటున ఒక పిందె. నిజంది. అత్తయ్యా, రండి రండి అని కేకేశాను. వచ్చారు. పిందెని చూశారు, నన్ను చూశారు. లోపలికెళ్లి కళ్లద్దాలు పెట్టుకుని వచ్చి, తొడిమ చుట్టూ దారం కోసం వేలితో తడిమారు.