వంకర తీయించుకున్న కారు

ఎ.కొండూరు,
సోమవారం

చిరంజీవి జోజిబాబుకి అంకారావు ఆశీస్సులు.

ఫోన్లో నేనెంత చెప్పినా నువ్వు "ఆ... ఆ..." అంటున్నావు. సుత్తి మోతకి నీ చెవులు పోయాయని అర్థమై ఈ ఉత్తరం సురేష్ బాబు ఆటోలో పంపిస్తున్నా. నా పాత అంబాసిడర్‌కి పెట్రోలు ఇంజన్ పీకి డీజిల్ ఇంజన్ వేశావు చూడు, అది కుదరలేదు. కాస్త స్పీడు అందుకుంటే చాలు, గేరు రాడ్డు చలిజ్వరం వచ్చినట్టు వణుకుతోంది. మా ఆవిడ సరోజినికి మోకాళ్ళ నొప్పులు, ఆటో ఎక్కలేదు. ఆవిణ్ణి నెమలి ఊళ్ళో వేణుగోపాలస్వామి దగ్గరికి తీసుకెళ్దామనేగా ఈ కారు బాగుచేయించింది! తిరువూరు దాటకుండానే "కాళ్ళ కింద ఎవరో రాగం తీస్తున్నారు, నేను రాను" అని దిగిపోయింది. నెలాఖరుకల్లా ఆవిడ ఎక్కకపోతే కారుని పాతసామాన్లవాడికి తోసేస్తా, చెప్తున్నా.

ఇట్లు,
అంకారావు

తా.క.: నాకూ వినపడింది. పాటే. మా గుళ్ళో పాట మాత్రం కాదు.


తిరువూరు,
మంగళవారం

గౌరవనీయులు అంకారావు గారికి జోజిబాబు వందనాలు.

పాటా లేదు, పద్యమూ లేదు సార్. ఎడంపక్క ఇంజన్ కింద రబ్బరు కుంగింది. ఇంజన్ ఓ పక్కకి ఒరిగితే దాని వెనకుండి చక్రాలు తిప్పే ప్రొపెల్లర్ షాఫ్టు వంకరగా తిరుగుతుంది. ఆ వణుకే బండంతా పాకుతోంది. రబ్బరు కింద ఓ రేకు ముక్క పెడితే సర్దుకుంటుంది, తీసుకురండి. పాతసామాను మాట మాత్రం ఎత్తకండి, మీకు దణ్ణం పెడతాను.

మీ విధేయుడు,
జోజిబాబు

తా.క.: నా చెవులు బాగానే ఉన్నాయి. ఫోన్లో మీరు నన్ను ఇంకో మాట అననివ్వరు, అందుకే "ఆ".


ఎ.కొండూరు,
శనివారం

జోజిబాబుకి అంకారావు ఆశీస్సులు, అవి ఇంకా మిగిలుంటే.

రేకు పెట్టావు, వణుకు సగం తగ్గింది. హమ్మయ్య అనుకునేలోపే ఇంకోటి మొదలైంది. గంపలగూడెం దాటాక సమాధుల తోట ఉందే, సరిగ్గా దాని గేటు ముందు కారు దానంతటదే ఆగిపోయింది. తాళం తిప్పితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. కాసేపయ్యాక నేను ముట్టుకోకుండానే అందుకుంది! సరోజిని ఇంటికి పదమంది. మర్నాడు నేనొక్కణ్ణే వెళ్ళి చూశా. మళ్ళీ అక్కడే. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి ఎక్కించా, కాయలు నలగలేదు. ఒట్టు. ఇంతకీ ఎవరి ఇంజన్రా ఇది?

ఇట్లు,
అంకారావు

తా.క.: ఎవరైనా గానీ, పాట మంచి శ్రుతిలో ఉందంటోంది మా ఆవిడ. ఇన్నేళ్ళలో నా పాటని ఒక్కసారీ అలా అనలేదు.


తిరువూరు,
ఆదివారం

అంకారావు గారికి వందనాలు.

అక్కడ రోడ్డు మీద గుంత ఉంది సార్. ఆ కుదుపుకి డీజిల్ పైపులో గాలి పడుతుంది, బండి ఆగుతుంది. వాలు మీద కదిలి మళ్ళీ అందుకుంటుంది. నిమ్మకాయలు గట్టివై ఉంటాయి. నెమలి వెళ్ళడానికి మీకే బద్ధకమేమోనని నా అనుమానం.

ఇంజన్ మా నాన్న కృపానందం మాస్టారి కారుది. బాడీ తుప్పు పట్టింది గానీ ఇంజన్ బంగారం. ఆయన పోయాక కూడా అది తిరుగుతూ ఉండాలని మీ బండిలో వేశాను. మా అమ్మ అంతోనమ్మ ఆ తోటలోనే ఉంది. నాన్న రోజూ సాయంత్రం గేటు ముందు కారాపి, అమ్మకి ఓ పాట పాడి వచ్చేవాడు. ఆయన పోయేనాటికి అక్కడ చోటు లేక తిరువూరులో పెట్టాం. అయితే ఏంటి? ఇనుముకి జ్ఞాపకాలుండవు సార్. బండి తీసుకురండి, ముందు నుంచి వెనక దాకా వంకరంతా తీసేస్తాను.

మీ జోజిబాబు

తా.క.: పాట బాగుందని అమ్మగారిని పైకి అనొద్దనండి. మెచ్చుకుంటే నాన్న ఓ పట్టాన ఆపడు.


ఎ.కొండూరు,
శుక్రవారం

బంగారుచేతుల జోజిబాబుకి నిండు ఆశీస్సులు.

శభాష్! గ్లాసుడు నీళ్ళు బానెట్ మీద పెడితే చుక్క తొణకలేదు. గేటు ముందు ఆగనే లేదు. సరోజిని స్వామిని చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అది చూసి నాకూ ఆగలేదు.

ఒక్కటే కాస్త తేడాగా ఉంది. తిరిగొస్తుంటే ఆ గేటు దగ్గర వెనక్కి చూసి, "ఇవాళ ఆయన రాలేదేం?" అంది. మీ నాన్న సంగతి నేను ఆవిడకి చెప్పలేదు, నా మీద ఒట్టు. ఎవరని అడిగితే కిటికీ అద్దం దించి మళ్ళీ వెనక్కి చూసింది.

ఇట్లు,
అంకారావు

తా.క.: కారు మరీ నిశ్శబ్దంగా ఉందని నేనో పాట ఎత్తుకున్నా. ఇంజన్ పాటే నయమంది.


తిరువూరు,
ఆదివారం

అంకారావు గారికి జోజిబాబు వందనాలు.

మీ బండి వెళ్ళిన సాయంత్రం నుంచీ మా షెడ్డులో నట్లు తిప్పే పానాలు వాటంతటవే మోగుతున్నాయి. బల్ల మీద చెయ్యి వేస్తే అదే రాగం, అమ్మకి పాడే పాట. మా ఆవిడ గ్లోరి కుర్చీ వేసి "కూర్చోండి మామయ్యా" అంది. ఇప్పుడు కుర్చీ కూడా మొదలెట్టింది. పోనీ నేనే అమ్మ దగ్గరికి తీసుకెళ్తానని మోటారుసైకిల్ స్టార్ట్ చేస్తే రెండు టైర్లలోనూ గాలి పోయింది. ఇనుముకి జ్ఞాపకాలుండవని రాశానే, నాకు బుద్ధి లేదు.

భయం పోయి ఏడుపొస్తోంది సార్. వంకరతో పాటు నాన్న కూర్చునే చోటు కూడా తీసేశాను. ఇక్కణ్ణుంచి అమ్మ దగ్గరికి నడిచి వెళ్ళలేడు, ఆయనకీ మోకాళ్ళ నొప్పులే. దయచేసి బండి తీసుకురండి, ఆ రేకు ముక్క పీకేసి పాత వంకర మళ్ళీ తెస్తాను. కొంచెం వణికితే వణకనివ్వండి. గేటు ముందు కాసేపు ఆపండి, అంతే చాలు.

మీ జోజిబాబు

తా.క.: అమ్మగారిని వెనక సీట్లో కూర్చోమనండి. వెనక కూర్చుంటే నాన్నకి కడుపులో తిప్పుతుంది.