అరవై నాలుగు మెతుకుల ముద్ద

తిరువూరు,
జూలై 12.

ప్రియమైన హెప్సిబాకు,

ప్రభువు కృపవల్ల ఇక్కడ మేం ముగ్గురం బాగానే ఉన్నాం. పాడేరు వానల్లో నువ్వూ జాగ్రత్తగా ఉన్నావని తలుస్తాను. నీ ఉత్తరం మంగళవారం అందింది. నువ్వు కొత్తగా చేరిన స్కూలు దగ్గర సిగ్నల్ అందదు సరే, అందినా ఈ సంగతి నేను ఫోన్లో చెప్పలేను. మధ్యలో మాట మార్చేస్తాను. నా సంగతి నీకు తెలుసుగా.

ముందు అడిగినవాటికి జవాబులు. అమ్మకు మోకాలి నొప్పి కాస్త తగ్గింది. ఎవరో చెప్పారని ఆముదం రాసుకుంటోంది గానీ నేను తెచ్చిన మందు ముట్టదు. రెడ్డిగూడెం కాయతో పెట్టిన ఆవకాయ బాగా ఊరింది, నీకో సీసా తీసి దాచింది. రుచిత తొమ్మిదో తరగతి పుస్తకాలన్నిటికీ అట్టలు వేసుకుంది. జడ దగ్గరే నాయనమ్మతో రోజూ పోట్లాట. ఆషాఢం కదా, పెళ్ళిళ్ళు లేక కొట్లో మైకుల మీద దుమ్ము దులుపుతూ కూర్చుంటున్నాను.

మన కంప్యూటర్ మాండొలిన్ ఇంకా మోగుతోందా అని అడిగావు. మోగుతోంది. అసలు రాయాల్సింది దాని గురించే.

మన చర్చిలో సుందరరావు మాస్టారు చేతులు వణికి మాండొలిన్ పక్కన పెట్టేశాక, క్రిస్మస్ పాటలకని నేను కంప్యూటర్లో, కీబోర్డు మెట్లు నొక్కి వాయించేది ఒకటి తయారుచేశాను కదా. తెరమీద డబ్బాలు పెట్టి గీతలతో కలిపే ప్రోగ్రాం అది. చిన్న చిటపట శబ్దం పుట్టించి, కాస్త ఆలస్యంగా వెనక్కి పంపి, అలా తిప్పుతూనే ఉంటే తీగ మీటినట్టు మోగుతుంది. ఎంత త్వరగా తిరిగొస్తే అంత పై స్వరం.

డిసెంబరులో ప్రాక్టీసు రోజు నువ్వు పాట మధ్యలో ఆపేశావు. "ఏవండీ, ఇక్కణ్ణుంచి పైకి వెళ్ళట్లేదండి. ఏ మెట్టు నొక్కినా అదే స్వరం వస్తోంది" అన్నావు. ఆ పాట అంత పైకెక్కేది ఒక్కచోటే, అందరి గొంతుల్లో అది కలిసిపోతోంది. నీకు తప్ప ఎవరికీ పట్టుబడలేదు. పదిమందిలో తప్పు పట్టావని నాకు ఒళ్ళు మండింది.

"కంప్యూటర్ లెక్క తప్పదు. నీ చెవికే ఏదో అయింది, డాక్టరుకి చూపించుకో" అన్నాను. కొందరు నవ్వారు. నువ్వు నిజంగానే విజయవాడలో చెవుల డాక్టరు దగ్గర నంబరు రాయించుకున్నావు.

హెప్సిబా, ఇన్నాళ్ళూ దాచింది ఇప్పుడు చెబుతున్నాను. మనం విజయవాడ వెళ్ళే ముందురోజు సాయంత్రం, నీది తప్పని తేల్చుదామనే, ఒక్కో స్వరాన్నీ ఫోన్లో శ్రుతి చూసే యాప్‌తో కొలిచాను. నువ్వన్నదే నిజం. కంప్యూటర్‌కి శబ్దమంటే మెతుకుల్లాంటి అంకెల వరస. ఆ ప్రోగ్రాం దాన్ని ఒక్కో మెతుకుగా తినదు, అరవై నాలుగు మెతుకులు కలిపి ఒకే ముద్దగా మింగుతుంది. ముద్ద మింగడం అయ్యేదాకా వెనక్కి పంపిన శబ్దం రానే రాదు. అంతకన్నా తక్కువ ఆలస్యం ఎంత అడిగినా ముద్దంత ఆలస్యమే ఇస్తుంది. అందుకే ఒక స్వరం దాటాక పైవన్నీ అక్కడే ఆగిపోయాయి. శబ్దం తిరిగే ఆ కాస్త భాగాన్ని వేరే డబ్బాలో పెట్టి, అక్కడ మాత్రం ఒక్కో మెతుకే తినమని రాశాను. పది నిమిషాల్లో బాగుపడింది.

తెల్లారి నీతోపాటు బస్సెక్కాను.

మైలవరం దాకా నువ్వు ఒక చెవి మూసుకుని రెండో చెవిలో గుసగుసగా ఏదన్నా చెప్పమన్నావు. ఏవేవో చెప్పాను, ఇది తప్ప. వినికిడి బాగానే ఉందని డాక్టరు అన్నాక, తిరుగు బస్సులో నువ్వన్న మాట నన్నింకా వదల్లేదు. "వినపడుతోందన్నారు గానీ, సరిగ్గా వినపడుతోందో లేదో ఎవరు చెప్తారండీ?" అన్నావు. నేను చెప్పగలిగినవాణ్ణి. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

క్రిస్మస్‌నాడు మాండొలిన్ చక్కగా పలికిందని చర్చి పెద్ద జోజప్పగారు అందరి ముందూ నా భుజం తట్టారు. "నా చెవికి ఒకరోజు ఒకలా, ఒకరోజు ఇంకోలా వినపడుతోంది" అని నువ్వు వెనక బెంచీలోకి వెళ్ళిపోయావు. మళ్ళీ పాట ఎత్తుకోలేదు. సిగ్గుతో చచ్చిపోయాను హెప్సిబా. బయటికి మాత్రం ఏమీ ఎరగనట్టే తిరిగాను.

ఆగస్టు పదిహేనుకి పిల్లలకు పాటలు నేర్పమంటే శ్రుతి తెలియదని తప్పుకున్నానని, ఈ నెల పంతొమ్మిదిన విశాఖలో మళ్ళీ చెవి చూపించుకుంటానని రాశావు. వెళ్ళకు. నీ చెవి ఆ రోజూ బాగుంది, ఈ రోజూ బాగుంది. నన్ను ఏమన్నా పడతాను. ఆ పిల్లలకు మాత్రం పాట నేర్పు.

అంటించబోయే ముందు ఈ ఉత్తరం రుచితకు చదివి వినిపించాను. అంతా విన్న తర్వాత, తన మాటగా ఒకటి రాయమంది. అది చెప్పినట్టే రాస్తున్నాను:

"అమ్మా, ఆ రోజు నాక్కూడా తప్పుగానే వినపడింది. నాన్న నిన్ను అన్నది చూసి, చెప్పలేదు."

ఇట్లు,
నిన్ను క్షమించమని అడిగే ముఖం లేని నీ భర్త,
స్టీఫెన్